అమ్మకు చదివి వినిపిస్తూ: సంక్రాంతి నుంచి ఆగస్టు దాకా ఐదు పుస్తకాలు

సంక్రాంతి వెళ్లిన మర్నాడు మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడు నెలలు దాటింది. ఐదు పుస్తకాలు పూర్తయ్యాయి, ఒకటి మధ్యలో ఆపాం. మామూలుగా నేను ఏడాదికి నలభై దాకా చదువుతాను కాబట్టి ఈ లెక్క తక్కువే. కానీ ఈ ఐదూ పైకి చదివినవి. ఒక్క వాక్యం కూడా దాటెయ్యలేదు.

కారణం అమ్మ. ఆవిడకు 74 ఏళ్లు. రెటీనా దెబ్బతిని చూపు మధ్యభాగం పోయింది. ఎదురుగా ఎవరో వచ్చారని తెలుస్తుంది, అక్షరం మాత్రం తెలియదు. వారపత్రికల సీరియల్సు చించి, కుట్టి, బైండు చేయించి దాచుకున్న మనిషి. డిసెంబరులో ఒక మధ్యాహ్నం పాత పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చుంది. చదవడం లేదు, తిప్పుతోంది. అప్పుడే అడిగాను, "నేను చదవనా అమ్మా" అని. "నీకు టైమెక్కడిదే" అంది, కానీ పుస్తకం నా చేతికిచ్చేసింది.

టైము రాత్రి ఏడుంబావు నుంచి ఎనిమిది వరకు. మాత్రలు వేసుకున్నాక, అన్నానికి ముందు. అన్నం తిన్నాక చదివితే పది నిమిషాల్లో అమ్మకు నిద్ర వస్తుంది, రెండు రోజులు చూసి మార్చేశాం. మనసులో చదివితే గంటకు ముప్పై పేజీలు అవుతాయి నాకు. పైకి చదివితే పద్నాలుగు, పదిహేను. మొదటి వారం ఇరవై నిమిషాలకే గొంతు ఎండిపోయేది. గోరువెచ్చని నీళ్లు పక్కన పెట్టుకుని, ప్రతి రెండు పేజీలకూ ఒక గుక్క తాగుతూ వచ్చాను. మూడో వారానికి నలభై ఐదు నిమిషాలు ఇబ్బంది లేకుండా చదవగలిగాను. ఇంకో సంగతి, పడక కుర్చీలో వాలి చదివితే వాక్యం చివరికి ఊపిరి చాలదు. నిటారుగా ఉండే చెక్క కుర్చీ మంచిది. లైటు భుజం వెనక నుంచి పుస్తకం మీద పడాలి, అమ్మ కళ్లలో పడకూడదు.

రూళ్ల నోటుబుక్కులో ఆ రోజు తేదీ, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఎన్ని నిమిషాలు, అర్థం తెలియని మాటలు రాసుకుంటాను. అమ్మ ఏమైనా అంటే అది కుడివైపు పేజీలో రాస్తాను. ఇప్పుడు తిరగేస్తుంటే కుడివైపు పేజీలే ఎక్కువ నిండాయి.

మొదటి పుస్తకం డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’. అమ్మే అడిగింది. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా మొదలైన నవల. తర్వాత ఈ కథతోనే 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. నేను డిగ్రీలో ఉండగా ఒకసారి చదివాను. అప్పుడు నాకు కల్యాణి నచ్చింది, ఇందిర నచ్చలేదు. స్వార్థపరురాలు అనుకున్నాను. ఈసారి ఇందిర మాటలు నా నోటితో నేను పలకాల్సి వచ్చింది. పలకాలంటే ఆ మాట ఏ గొంతుతో అంటోందో ముందు తేల్చుకోవాలి. వెటకారమా, అలసటా, భయమా? కళ్లతో చదివేటప్పుడు ఈ ప్రశ్న తప్పించుకోవచ్చు, పైకి చదివేటప్పుడు కుదరదు. మూడో రోజు ఒక చోట వెటకారంగా చదివాను. రెండు లైన్లు పోయాక అది తప్పని తెలిసింది, వెనక్కి వెళ్లి అలసటగా చదివాను. అంతే, ఆ అమ్మాయి మొత్తం మారిపోయింది. ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఆమె, దాని మీద బతికేది తండ్రి ఆనందరావు. పై గదిలో దిగిన ప్రకాశం మంచివాడే గానీ, తల్లీ మేనమామా చెప్పినదానికి ఎదురు చెప్పలేని మనిషి. వీళ్ల మధ్య నిలబడి తన బతుకు తానే చూసుకోవాలనుకోవడం స్వార్థం ఎలా అవుతుంది?

అమ్మ ఇంకా సూటిగా చెప్పింది. "ఆ పిల్ల సంపాదిస్తోంది, వాళ్లు తింటున్నారు, మళ్లీ ఆ పిల్లకే పేరు పెడుతున్నారు." నోటుబుక్కులో ఫిబ్రవరి 2 అని ఉంది ఆ మాట పక్కన. శ్రీదేవిగారు 1961లోనే, ముప్పై రెండో ఏటనే పోయారని చెప్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఈ నవల మూడున్నర వారాలు పట్టింది. తెలుగు నవలలు పైకి చదవాలనుకునేవాళ్లు దీంతో మొదలుపెట్టండి. సంభాషణలు ఎక్కువ, వాక్యాలు చిన్నవి, ఊపిరికి సరిపోతాయి.

రెండోది కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’. ఇది నేను ఎంచుకున్నాను. చందమామ నడిపిన మనిషి రాసిన పెద్దల నవల అంటే అమ్మ సరే అంది, ఆవిడ చిన్నతనం అంతా ఆ పత్రికే మరి. సుందరం అక్షరాభ్యాసంతో మొదలై, అతను కాశీ వెళ్లి చదవడం, తిరిగి వచ్చాక ఆ చదువుకు ఉద్యోగం దొరక్కపోవడం దాకా సాగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం, జాతీయోద్యమం, ఆర్థికమాంద్యం అన్నీ ఒక ఇంటి గుమ్మంలోంచి కనిపిస్తాయి. గొప్ప నవల, అందులో నాకు సందేహం లేదు. కానీ పైకి చదవడానికి కష్టం. కుటుంబరావుగారు గొంతు పెంచరు, ఏడిపించరు. చదివేవాళ్లకు పట్టుకోవడానికి ఎత్తుపల్లాలు దొరకవు. మధ్యలో రెండు రోజులు అమ్మ, "ఇవాళ వద్దులే" అంది. ఇది ఎవరికి వాళ్లు, తీరిగ్గా, మనసులో చదువుకోవాల్సిన పుస్తకం.

అన్నట్టు దీని దగ్గరే ఒక చిక్కు వచ్చింది. పాత పుస్తకాల్లో కొన్న కాపీ అది. చదువుతూ పోతుంటే ఒక రాత్రి వాక్యం మధ్యలో తెగి, అవతలి పేజీ ఇంకెక్కడో మొదలైంది. చూస్తే ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు లేవు. కొనేటప్పుడు అట్ట, మొదటి పేజీ, చివరి పేజీ చూశాను గానీ మధ్యలో అంకెలు చూడలేదు. పాత పుస్తకం కొనేటప్పుడు పదహారేసి పేజీలకు ఒకసారి అంకె చూడండి, రెండు నిమిషాల పని.

గ్రంథాలయంలో ఇంకో ముద్రణ దొరికింది. అందులో పేజీల లెక్క వేరు, అక్షరం పెద్దది. నా దగ్గర తెగిన వాక్యాన్ని వెతికి పట్టుకుంటే, పోయిన భాగం అక్కడ పద్దెనిమిది పేజీలు వచ్చింది. ఫోనుతో ఫొటోలు తీసి, జిరాక్సు షాపులో రెండువైపులా ప్రింటు తీయించాను. తొమ్మిది కాగితాలు. పుస్తకం సైజుకు కత్తిరించి, కుట్టువైపు అరంగుళం వెడల్పున పల్చటి కాగితపు పట్టీ అంటించి, ఆ పట్టీని లోపలి కుట్టు పక్కన అతికించాలి. కాగితాన్ని నేరుగా అతికిస్తే పుస్తకం తెరుచుకోదు. దుకాణంలో దొరికే గమ్ము ఎండాక పెళుసుగా అయిపోతుంది, అందుకని మైదా జిగురే వాడాను. రెండు చెంచాల మైదా ఒక గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ ఉంటే తెల్లదనం పోయి అద్దంలా అవుతుంది. అప్పుడు దించెయ్యాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, వంటగిన్నె వాడకండి, చేతులు శుభ్రంగా కడుక్కోండి. అతికించిన చోట అటూ ఇటూ ప్లాస్టిక్ కవరు ముక్క పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే అమ్మ ఆ పేజీలు వేళ్లతో తడిమి, "ఇవి మందంగా ఉన్నాయి, కానీ గట్టిగానే కూర్చున్నాయి" అంది.

మూడోది రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’. ఈ ఏడు నెలల్లో నాకు బాగా దక్కిన పుస్తకం ఏదంటే ఇదే చెప్తాను.

సిగ్గు లేకుండా ఒక మాట ఒప్పుకోవాలి. రావిశాస్త్రిని నేను ఇంతకుముందు రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఉత్తరాంధ్ర మాటను ఆయన పలికినట్టే రాస్తారు. హైదరాబాదులో పెరిగిన నా కన్ను ప్రతి లైనులోనూ తట్టుకునేది. అమ్మది విజయనగరం దగ్గర పల్లె. పెళ్లయి ఇటు వచ్చాక ఆ మాట కొంత తగ్గింది గానీ, అన్నయ్యలతో ఫోను మాట్లాడేటప్పుడు మళ్లీ వచ్చేస్తుంది.

‘మాయ’ అనే కథ ఉంది. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన ఒక కుర్ర వకీలు దగ్గరకు సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ వస్తుంది. ఆ వకీలుకు చట్టం పుస్తకంలో తెలుసు. ఆమెకు చట్టం ఒంటి మీద తెలుసు. పోలీసులు ఎవరిని పట్టుకుంటారు, ఎందుకు పట్టుకుంటారు, ఎవరిని వదిలేస్తారు, కోర్టులో ఏం జరుగుతుంది అన్నీ ఆమె చెప్తూ పోతుంది, ఆయన వింటూ ఉండిపోతాడు. రావిశాస్త్రి స్వయంగా విశాఖపట్నంలో వకీలు, ఇలాంటి మాటలు రోజూ విన్న మనిషి.

మొదటి పేజీలో ‘ఏటి’ (ఏమిటి) అన్న మాటను నేను టక్కున పలికి ముందుకు పోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అలా కాదు తల్లీ. ఏటీ... అని చివర్న పైకి లేవాలి. అది అడగడం కాదు, దెప్పడం."

మళ్లీ పలికాను. "ఊఁ, ఇప్పుడు మా ఊరి బావి దగ్గర ఉన్నట్టుంది" అంది. ఆ తర్వాత ప్రతి రెండు వాక్యాలకూ సరిదిద్దుతూనే ఉంది. ఎక్కడ సాగాలి, ఎక్కడ మింగేయాలి, ఏ మాటకు నవ్వు ఉంది, ఏ మాటకు లేదు. నేను ఊరికే చదివేటప్పుడు గోల అనిపించిన పొడుగాటి మాటలు, సాగదీసి చెప్పడం మొదలుపెట్టాక ఒక లెక్కలో పడ్డాయి. ఆమె ఒక మాట చెప్పి, దాన్నే ఇంకోలా చెప్పి, మూడోసారి చెప్పేటప్పటికి అవతలివాడికి జవాబు లేకుండా చేస్తుంది. కళ్లు దీన్ని పునరుక్తి అనుకుంటాయి. చెవికి అది వాదన. ఆ రోజు ఎనిమిదికి ఆపలేదు, తొమ్మిదిన్నర అయింది. అన్నం చల్లారిపోయింది.

ఆ ఒక్క కథే మూడుసార్లు చదివాను. మూడోసారి అమ్మ మధ్యమధ్య నాకంటే ముందే అందుకుంది. ఆవిడకు కథ గుర్తుండి కాదు, ఆ మాట తర్వాత ఏ మాట రావాలో తెలిసి. రావిశాస్త్రి కష్టం అని పక్కన పెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఉత్తరాంధ్రవాళ్లను ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. ఎవరూ లేకపోతే ఒంటరిగానైనా పైకే చదవండి. మొదటి పది పేజీలు ఓపిక పట్టాలి.

నాలుగోది దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. నిజాం కాలపు తెలంగాణ పల్లె. బెజవాడ నుంచి దొర గడీకి, అంటే కోటలాంటి ఇంటికి, వచ్చిన పాణి అనే గాయకుడి కళ్లతో అక్కడి వెట్టి, దౌర్జన్యం చూపిస్తారు. ఇక్కడ అమ్మా నేనూ ఇద్దరం పాణిలాంటివాళ్లమే, బయటివాళ్లం. రెండో రోజే మాటల దగ్గర ఆగిపోయాం. పక్కింటి పెద్దమ్మది జనగామ వైపు. కరివేపాకు కోసం వచ్చి, వింటూ గుమ్మంలో నిలబడింది. "కూసోండి వదినగారూ" అంది అమ్మ. ఆ రోజు నుంచి మేం ముగ్గురం.

నిఘంటువులో ‘ఆడబాప’కు అర్థం ఒక లైనులో ఉంటుంది. దొర కూతురికి పెళ్లయితే సారెతో పాటు పంపే దాసి అని. పెద్దమ్మ చెప్పింది వేరు. "గా పిల్లకు లగ్గం ఉండది బిడ్డా. పుట్టిన పోరగాండ్లకు తండ్రి పేరు ఉండది. మా అవ్వ చెప్తుండె, గడీ ముందటికెళ్లి పోవాల్నంటే చెప్పులు చేతుల పట్టుకొని పోవాల్నట." చెప్పి కాసేపు ఆగి, "సదువు సదువు" అంది. నేను ఆ రాత్రి ఆరు పేజీలే చదివాను. నవలలో ప్రేమకథ నాకు కొంచెం సినిమా కథలా అనిపించింది, అది వస్తున్నప్పుడు పెద్దమ్మ కూడా కదిలి కూర్చునేది. ఆడబాపల భాగాలు, వెట్టి భాగాలు వచ్చినప్పుడు మాత్రం ముగ్గురిలో ఎవరమూ కదల్లేదు.

ఐదోది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. దీనికి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది, దాదాపు రెండు నెలలు. వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పే ఉద్యోగి. 1830 మే 18న బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. పదిహేను నెలల పైన. పల్లకీలు, డేరాలు, బోయీలు, కుటుంబం, పరివారం కలిపి వంద మంది దాకా ఉన్న గుంపు. మనదేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో, అంటే ఈ యాత్రకు ఇరవై రెండేళ్ల తర్వాత. రోజూ ఏం చూశారో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఉత్తరాలుగా రాస్తూ వచ్చారు. ఆయన 1836లో పోతే, 1838లో పిళ్లెగారు అచ్చు వేయించారు.

మేం చదివింది దిగవల్లి వేంకటశివరావుగారు వివరాలు చేర్చి 1941లో తెచ్చిన ముద్రణ, నెట్‌లో స్కాను దొరుకుతుంది. పది అంగుళాల టాబ్‌లో అంచులు కత్తిరించి చూస్తే అక్షరం బాగానే కనిపిస్తుంది. ఫోనులో వద్దు, ప్రతి లైనుకూ జరుపుకుంటూ పైకి చదవడం సాధ్యం కాదు. వాక్యాలు చాలా పొడుగు. ముందురోజే పది నిమిషాలు మనసులో చదువుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చూసుకునేదాన్ని. రోజుకు ఐదు పేజీలు మించి వెళ్లలేదు. హిందుస్తానీ మాటలు, చెన్నపట్నం మాటలు దండిగా ఉంటాయి. వాటి కోసం ఆంధ్రభారతి సైటులో బ్రౌన్ నిఘంటువు తెరిచి పెట్టుకున్నాను. 1852 నాటి నిఘంటువు కాబట్టి వీరాస్వామయ్య కాలానికి దగ్గర, కొత్తవాటిలో దొరకని అర్థాలు అందులో దొరుకుతాయి.

ఈ పుస్తకం నన్ను ఎందుకు పట్టేసిందంటే, ఆయన రాసింది అచ్చంగా ఇలాంటి లెక్కే. ఈ ఊరి నుంచి ఆ ఊరికి ఎంత దూరం, దారి ఎలాంటిది, ఏరు దాటాలా, మజిలీలో దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా. తన తర్వాత వచ్చేవాళ్లకు పనికిరావాలని రాశారు. దేవుడి దర్శనం ఎంత భక్తిగా రాస్తారో, ఊళ్లో అంగళ్ల గురించి కూడా అంత శ్రద్ధగానే రాస్తారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ. తిరుగుదారి జగన్నాథం మీదుగా సముద్రం పక్కనే.

నేను ఒక కాగితం మీద దారి గీసి, అయిపోయిన ఊళ్లకు చుక్క పెట్టుకుంటూ వచ్చాను. అమ్మకు ఆ కాగితం కనబడదు. అందుకని దారాన్ని మైదా జిగురుతో ఒక అట్టముక్క మీద ఆ గీత వెంబడి అతికించాను. పెద్ద ఊళ్ల దగ్గర ఒక్కొక్క మిరియపు గింజ. చదవడం మొదలుపెట్టే ముందు అమ్మ దారం మీద వేలు పోనిచ్చి, "ఇవాళ ఎక్కడున్నాం?" అని అడిగేది. హైదరాబాదు గింజ దగ్గర పెద్దమ్మ సంబరం, ఇంకా పైకి వెళ్లాక ఇద్దరికీ కొంచెం విసుగు. అమ్మ ఎదురుచూసింది తిరుగుదారి కోసం. శ్రీకాకుళం, విశాఖపట్నం వచ్చిన రోజుల్లో చదివిందే మళ్లీ చదివించుకుంది. "దగ్గరికొచ్చేశాడు" అంది, మేనమామ ఎవరో ఊరినుంచి వస్తున్నట్టు.

మధ్యలో ఆపేసింది ‘వేయిపడగలు’. మార్చిలో మొదలుపెట్టి ఇరవై రోజుల తర్వాత పక్కన పెట్టాం. పుస్తకం లోపం కాదు. ఎండలు ముదిరాయి, కరెంటు పోతోంది, అమ్మ ఒంట్లో బాగాలేదు. అంత పెద్ద నవలలో రెండు రోజులు విరామం వస్తే ఎవరు ఎవరో మళ్లీ గుర్తుచేయాల్సి వచ్చింది. తర్వాత ఒక సంగతి తట్టింది. విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో ఆ నవలను ఆశువుగా చెప్తుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసుకున్నారు, 29 రోజుల్లో పూర్తయింది అంటారు. నోటితో పుట్టిన పుస్తకం అది, పైకి చదివితేనే దాని నడక తెలియాలి. కార్తీకంలో, చల్లబడ్డాక మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకుంటాను. ఈసారి పాత్రల పేర్లు, చుట్టరికాలు ఒక కాగితం మీద ముందే రాసుకుని.

ప్రస్తుతానికి ‘బారిష్టర్ పార్వతీశం’ తెచ్చాను. కుట్టు బైండింగు ఉన్న కాపీ, పదహారేసి పేజీలకు అంకెలు చూసే కొన్నాను. పెద్దమ్మకు సాయంత్రం మనవడిని ట్యూషన్ నుంచి తీసుకురావాలి కాబట్టి, సోమవారం నుంచి ఏడుంబావుకు కాకుండా ఆరున్నరకే మొదలుపెడదామని అమ్మ చెప్పింది. అట్టముక్క ఇంకా మంచం పక్కనే ఉంది. పార్వతీశం మొగల్తూరు నుంచి ఇంగ్లాండుకు ఏ దారిన వెళ్తాడో చెప్తే, దారం ఇంకొంచెం పొడుగు కావాలేమో చూసుకొమ్మంది.